హారర్ చిత్రంలో ఏ శబ్దాలు భయపెడతాయి? అంత పెద్ద చప్పుడు వేసినా ప్రేక్షకులు ఎందుకు నవ్వారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. రాత్రిపూట ఇంట్లో ఒంటరిగా ఉన్న ఒక స్త్రీ కథతో పావుగంట లఘుచిత్రం తీశారు. ఆమె నిద్రలేచిన దగ్గరనుంచి చివరిదాకా బరువైన నేపథ్య సంగీతం నడిపారు. పడకగది తలుపు దానంతట అదే మూసుకునే చోట సౌండ్ లైబ్రరీ నుంచి తెచ్చిన పెద్ద చప్పుడు వేశారు. చూసినవాళ్ళు ఆ ఒక్కచోట ఉలిక్కిపడి, మరుక్షణమే నవ్వేశారు. మిగతా చిత్రమంతా చలనం లేకుండా చూశారు. ఎలాంటి శబ్దాలు వాడితే భయం పుడుతుంది, చెవికి వినబడనంత తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు నిజంగా పనిచేస్తాయా అన్నది మీ సందేహం. నేను చాలాకాలంగా సౌండ్ ఎడిటింగ్, మిక్సింగ్ పనిలో ఉన్నాను. చేసిన వాటిలో భయానక చిత్రాలే ఎక్కువ కాబట్టి కొంత విస్తారంగా రాస్తున్నాను.

ముందు సూటి జవాబు. భయపెట్టే శబ్దాలంటూ విడిగా ఒక జాబితా లేదు. ప్రేక్షకుడు మామూలుదే అని ఒప్పేసుకున్న శబ్దం ఒకటి మారినప్పుడు, లేదా చెవికి అందిన కబురు నిజమో కాదో కన్ను తేల్చలేకపోయినప్పుడు భయం మొదలవుతుంది. అందువల్ల మీరు కొత్త శబ్దాల కోసం వెతకడం కాసేపు ఆపి, చిత్రం మొదటి సగంలో సంగీతాన్ని పూర్తిగా తీసేయండి. ఆ ఇంటికి దాని సొంత చప్పుళ్ళు సమకూర్చండి. అవి ప్రేక్షకుడికి అలవాటైన తర్వాత వాటిలో ఒక్కదాన్ని చెడగొట్టండి. తలుపు దెబ్బ లాంటివి చిత్రం మొత్తానికి ఒకటి, మహా అయితే రెండు చాలు.

ఇక ఆ నవ్వు సంగతి. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే ఉలిక్కిపడటం మెదడు కాండం స్థాయిలో జరిగిపోయే ప్రతిచర్య. ఆలోచనకు అందులో పాత్ర లేదు. చప్పుడు చెవిని తాకిన 30 నుంచి 50 మిల్లీసెకన్లలోపే కనురెప్పలు కొట్టుకుంటాయి, ఆ వెంటనే మెడా భుజాలూ బిగుసుకుంటాయి. బెలూన్ పగిలినా ఇదే జరుగుతుంది కనుక దీన్ని సాధించడానికి దర్శకుడే అక్కర్లేదు. ప్రమాదమేమీ లేదని మెదడు తేల్చుకోగానే బిగుసుకున్న ఒళ్ళు సడలుతుంది, ఆ సడలింపు చాలామందిలో నవ్వై బయటికొస్తుంది. మీ చిత్రంలో తలుపు మూసుకోవడానికి ముందు ప్రేక్షకుడిలో భయమేదీ పోగుపడలేదు కాబట్టి, ఆ తర్వాత వెంట తీసుకుపోవడానికీ ఏమీ మిగలలేదు.

అలాగని ఉలికిపాటు పనికిమాలినదని నేను అనను. కానీ దానికి కొన్ని షరతులున్నాయి, వాటిని పట్టించుకోని చిత్రాలు చాలా కనిపిస్తుంటాయి. డిజిటల్ ట్రాక్‌లో సున్నా డెసిబెల్స్ పైకప్పు లాంటిది, దాన్ని దాటి ఎవరూ పోలేరు. మీ సంగీతం అప్పటికే ఆ పైకప్పుకు దగ్గరగా నడుస్తుంటే తలుపు దెబ్బను ఎంత పెంచినా తేడా రెండు మూడు డెసిబెల్స్‌కు మించదు. దెబ్బ పెద్దదిగా వినబడాలంటే దాని ముందున్నది చిన్నదిగా ఉండటం ఒక్కటే మార్గం. దీనికి తోడు, బాగా పెద్ద శబ్దం ఎడతెగకుండా వినబడుతుంటే మధ్యచెవిలోని ఒక చిన్న కండరం బిగిసి, ముఖ్యంగా కింది ఫ్రీక్వెన్సీలను లోపలికి తక్కువగా పోనిస్తుంది. అంటే మీ సంగీతమే ప్రేక్షకుడి చెవిని మీ తలుపు దెబ్బనుంచి కాపాడుతోంది.

ఇంకొక షరతు చాలామందికి తెలియదు. పెద్ద చప్పుడుకు సుమారు పదోవంతు సెకను ముందు చిన్న చప్పుడు ఒకటి వినబడితే ఉలికిపాటు తీవ్రత బాగా తగ్గిపోతుంది. ఇది ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు నిర్ధారణ అయిన విషయం. ఇప్పుడు మీ తలుపు శబ్దాన్ని టైమ్‌లైన్‌లో దగ్గరగా జూమ్ చేసి చూడండి. లైబ్రరీల్లో దొరికే తలుపు దెబ్బల్లో చాలావాటికి అసలు దెబ్బకు ముందు గాలి కదిలిన సుయ్యిమనే చప్పుడో, గడియ టక్కుమన్న చప్పుడో అంటుకుని ఉంటుంది. వేవ్‌ఫామ్‌లో పెద్ద కొండకు ముందు చిన్న గుట్టలా కనిపిస్తుంది. దాన్ని కోసెయ్యండి. దెబ్బ ఫేడ్ లేకుండా నేరుగా మొదలవ్వాలి, దానికి ముందు కనీసం ఒక సెకనైనా గది నిశ్శబ్దం తప్ప మరేదీ ఉండకూడదు. దెబ్బదాకా పైపైకి లేచే సంగీతపు అలను కూడా అక్కడ పెట్టకండి. అది రాబోయేదాన్ని ముందే చాటింపు వేస్తుంది.

ఈ విద్యకు పాఠంలాంటి సన్నివేశం 1942 నాటి ‘క్యాట్ పీపుల్’ చిత్రంలో ఉంది. నిర్మాత వాల్ లూటన్, దర్శకుడు జాక్ టూర్నర్. రాత్రి నిర్జనమైన వీధిలో ఒక యువతి నడుస్తుంటే వెనకాల మరో స్త్రీ వెంబడిస్తుంది. ఇద్దరి మడమల చప్పుడూ వినబడుతుంటుంది. కొంతసేపటికి వెనకాల అడుగులు వినబడటం మానేస్తాయి. ముందున్న యువతి నడక వేగం పెరుగుతుంది, చివరికి మృగం బుసకొట్టినట్టు ఒక చప్పుడు తెరను చీల్చుకుని వస్తుంది. చూస్తే అది ఆమె పక్కన వచ్చి ఆగిన బస్సు బ్రేకుల గాలి. అప్పటినుంచి ఈ తరహా ఉలికిపాటుకు చిత్రపరిశ్రమలో ‘లూటన్ బస్సు’ అనే పేరు స్థిరపడింది. దీన్ని అనుకరించినవాళ్ళలో ఎక్కువమంది బస్సును మాత్రమే తీసుకుని, ఆగిపోయిన అడుగులను వదిలేశారు. ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టింది ఆ అడుగులు ఆగినప్పుడు. బస్సు చేసింది ఆ బిగువును తెంచడమే.

ఇప్పుడు అసలైన భయం దగ్గరకు వద్దాం. తెర మీద ఫ్రేమ్‌కు నాలుగు అంచులున్నాయి, శబ్దానికి అవి లేవు. ఫ్రేమ్‌కు ఆవల ఉన్నదాన్ని మీరు చూపనంతకాలం అది ఎంత పెద్దదైనా కావచ్చు, ఎక్కడైనా ఉండవచ్చు. ఒంటరి గొంతుకూ ఇదే వర్తిస్తుంది. మనిషి కనబడకుండా గొంతు మాత్రమే వినబడుతున్నంతసేపూ ఆ గొంతుకు ఒక అధికారం ఉంటుందని, ముఖం కనబడగానే అది మామూలు మనిషి గొంతైపోతుందని ఫ్రెంచి విమర్శకుడు మిషెల్ షియోన్ విశ్లేషించారు. ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎమ్’ చిత్రంలో పిల్లలను హతమార్చేవాడి రాకకు గుర్తు ఒక ఈలపాట. ఆ పాత్ర వేసిన పీటర్ లోరీకి ఈల వేయడం రాకపోవడంతో లాంగ్ స్వయంగా ఈల వేశారు. చివరికి హంతకుణ్ణి గుర్తుపట్టేది కూడా చూపున్నవాళ్ళు కాదు. బెలూన్లు అమ్ముకునే అంధుడు ఆ ఈల విని పట్టిస్తాడు. సినిమాకు మాట వచ్చిన తొలినాళ్ళలోనే ఇంత పని జరిగింది! రాబర్ట్ వైజ్ 1963లో తీసిన ‘ద హాంటింగ్’ అయితే దెయ్యాన్ని ఒక్కసారి కూడా చూపకుండా, తలుపులకు అవతలి బాదుడుతోనే నడుస్తుంది. నటులు నిజంగా స్పందించేందుకు ఆ చప్పుళ్ళను ముందే రికార్డు చేసి సెట్‌లో వినిపించారు. మీ తర్వాతి చిత్రానికి ఈ చిట్కా పైసా ఖర్చు లేకుండా పనికొస్తుంది.

నేను పనిచేసిన ఒక చిత్రం నుంచి ఉదాహరణ చెబుతాను. పైఅంతస్తు ఖాళీగా ఉందని కథ ముందే చెప్పేసిన ఇల్లు అది. పైన ఎవరో నడుస్తున్నట్టు ఉండాలన్నది దర్శకుడి కోరిక. బరువైన బూట్ల అడుగులైతే దొంగ వచ్చినట్టుంటుంది, అప్పుడు ప్రేక్షకుడు పోలీసులకు ఫోన్ చేయాలనుకుంటాడు తప్ప భయపడడు. అందుకని చెక్కపలకలు పరిచి, వాటి మీద ఒకరిని వట్టి పాదాలతో నడిపించి, మైకును పలకల కింద పెట్టి రికార్డు చేశాం. పైకప్పు గుండా కింది ఫ్రీక్వెన్సీలే ప్రధానంగా దిగివస్తాయి కాబట్టి సుమారు 500 హెర్ట్జ్‌కు (సెకనుకు 500 కంపనాలకు) పైనున్నదంతా దాదాపుగా కోసేశాం. ఇంత చేసినా అది రికార్డు చేసిన అడుగులానే ఉంది, ఇంట్లో పడిన అడుగులా లేదు. పైకప్పు నుంచి వేలాడే దీపం గాజు డూమ్ ప్రతి అడుగుకూ సన్నగా చిటచిటలాడేలా ఒక పొర జోడించాకే ఆ అడుగుకు బరువూ చోటూ వచ్చాయి.

కానీ భయం పుట్టించినది ఆ రికార్డింగ్ నాణ్యత కాదు, అడుగుల వరుస. మొదటిసారి కథానాయిక కింద నడుస్తుంటే పైన అడుగులు ఆమె అడుగులతో సరిగ్గా కలిసి పడతాయి, అందువల్ల ఎవరికీ విడిగా వినబడవు. ఆమె ఆగుతుంది. అర సెకను తర్వాత పైన ఒక్క అడుగు అదనంగా పడుతుంది. ఆమె తలెత్తి చూసి, మళ్ళీ నాలుగడుగులు వేసి, కావాలనే ఆగుతుంది. ఈసారి ఏమీ లేదు. ప్రేక్షకుడు తాను పొరబడ్డానేమో అనుకుంటాడు. మూడోసారి ఆమె అసలు కదలకుండా నిలబడి ఉండగా పైన ఒక అడుగు పడుతుంది, అదీ ఆమె వెళ్ళబోయే వైపున. ‘అది ఈమెను వెంబడిస్తోంది, ఇప్పుడు ముందుకు వెళ్ళి కాచుకుంది’ అని చిత్రంలో ఎవరూ అనరు. హాల్లో ప్రతి ఒక్కరూ తమకు తాముగా అనుకుంటారు. తాను స్వయంగా కట్టుకున్న నిర్ధారణ నుంచి ప్రేక్షకుడు తప్పించుకోలేడు. మీరు చెప్పిన దెయ్యాన్ని నమ్మకపోవచ్చు గానీ తాను విన్న లెక్కను ఎలా కాదంటాడు?

ఇలాంటి పనికి ముందు ఇల్లు ఇల్లులా వినబడాలి. ప్రతి గదికీ దాని సొంత నిశ్శబ్దం ఉంటుంది, దాన్ని మేం రూమ్ టోన్ అంటాం. చిత్రీకరణ రోజున అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషంపాటు దాన్ని రికార్డు చేసుకోవాలి. మీరు చేసి ఉండకపోతే ఇప్పుడైనా ఆ ఇంటికి వెళ్ళి, పడకగదికీ వంటగదికీ నడవాకూ విడివిడిగా రికార్డు చేయండి. దాని మీద గోడగడియారం, ఫ్యాను, ఫ్రిజ్, కుళాయి వంటివాటిలో రెండో మూడో చాలు. అన్నీ పెట్టేస్తే ఏదీ గుర్తుండదు. ఏది మారబోతోందో దాన్ని మాత్రం ప్రేక్షకుడికి తెలియకుండానే రెండు మూడు నిమిషాలపాటు వినిపించాలి.

ఫ్రిజ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నాకు తెలిసినంతలో ఇంత చవకైన, ఇంత నమ్మకమైన పరికరం మరొకటి లేదు. కంప్రెసర్ నడుస్తున్నంతసేపూ దాని గుయ్యిమనే చప్పుడు మనకు వినబడుతున్నట్టే ఉండదు. అది ఒక్కసారి వణికి ఆగినప్పుడు మాత్రం ఇల్లంతా ఖాళీ అయినట్టు తెలుస్తుంది. ఒక చిత్రంలో వంటగది సన్నివేశం కింద ఈ గుయ్యిమనడాన్ని మొదటినుంచీ నడిపాం. అది ఆగడానికి ఇరవై సెకన్ల ముందే, దాని కింద, ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడును చాలా తక్కువ స్థాయిలో మొదలుపెట్టాం. కంప్రెసర్ చప్పుడు దాన్ని కప్పేస్తుంది కాబట్టి ఎవరికీ వినబడదు. కంప్రెసర్ ఆగగానే ఊపిరి బయటపడుతుంది, అది కూడా లోనికి పీల్చడం సగంలో ఉండగా. ఊపిరి స్థాయిని మేం ఒక్క డెసిబెల్ కూడా పెంచలేదు. అది అప్పుడే మొదలైన చప్పుడు కాదని, ఇందాకటినుంచీ అక్కడే ఉందని వినేవాడికి అర్థమయ్యే క్షణమే ఆ సన్నివేశం. కొత్తగా ఊపిరి చప్పుడు మొదలుపెట్టి ఉంటే అందులో పదోవంతు ఫలితం కూడా వచ్చేది కాదు. ఈ పద్ధతిలో ఒక జాగ్రత్త అవసరం. కప్పే చప్పుడూ కప్పబడే చప్పుడూ ఇంచుమించు ఒకే ఫ్రీక్వెన్సీ పట్టీలో ఉండాలి. ఊపిరిలోని సన్నని పైభాగం గుయ్యిమనడానికి పైన తేలిపోతుంటే, ఈక్యూతో (ఏ ఫ్రీక్వెన్సీని ఎంత ఉంచాలో తేల్చే పరికరంతో) దాన్ని కాస్త కోసి, కంప్రెసర్ ఆగిన తర్వాత నెమ్మదిగా తిరిగి తెరవండి.

నిశ్శబ్దం గురించి అందరూ గొప్పగా చెబుతారు గానీ ఎలా చేయాలో చెప్పరు. టైమ్‌లైన్‌లో ట్రాక్‌లన్నీ కోసేసి ఖాళీ వదిలితే వచ్చేది నిశ్శబ్దం కాదు, స్పీకర్ పాడైందన్న అనుమానం. ప్రేక్షకుడు చిత్రంలోంచి బయటికొచ్చి పక్కవాడి వైపు చూస్తాడు. రూమ్ టోన్‌ను అలాగే ఉంచి, మిగిలినవాటిని ఒక్కొక్కటిగా తీయండి. పూర్తి శూన్యం వాడాలంటే కథలో దానికి కారణం ఉండాలి. 2018లో వచ్చిన ‘ఎ క్వైట్ ప్లేస్’లో వినికిడి లేని అమ్మాయి వైపు నుంచి చూపే సందర్భాల్లో, ఆమె చెవి పరికరం పనిచేస్తున్నప్పుడు మెత్తని గుయ్యిమనే చప్పుడును, అది ఆగినప్పుడు ఏ ధ్వనీ లేని శూన్యాన్ని వాడారు. ఆ రెండింటి తేడా ప్రేక్షకుడికి అప్పటికే నేర్పారు కాబట్టి శూన్యం వచ్చినప్పుడు ఎవరూ స్పీకర్‌ను అనుమానించలేదు.

విడి చప్పుళ్ళ విషయానికొస్తే, నక్క ఊళ, గుడ్లగూబ కూత, ఉరుము, నీళ్ళు పోసిన లోహపు పాత్ర చుట్టూ ఉన్న కడ్డీలను కమానుతో రాసి వాయించే వాటర్‌ఫోన్ — వీటిని నేను దాదాపు మానేశాను. వాటిలో దోషం లేదు; ‘ఇది దెయ్యం సినిమా’ అని ప్రకటించడం తప్ప అవి ఇప్పుడు మరో పని చేయడం లేదు, ఆ సంగతి పోస్టరే చెబుతుంది.

కిర్రుమనే తలుపు మాత్రం ఇప్పటికీ పనిచేస్తుంది, దాన్ని మీరే చేసుకుంటే. కీలు రాపిడిలో ఇనుము పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. తలుపును వేగంగా తోస్తే ఆ జారుళ్ళు ఒకదానితో ఒకటి కలిసిపోయి సాగే కిర్రుమనే స్వరమవుతుంది. చాలా నెమ్మదిగా తోస్తే అదే కిర్రు విడివిడి చిటుకులుగా విడిపోతుంది: చిటుక్, చిటుక్… చిటుక్. లైబ్రరీల్లో దొరికేది మొదటి రకం, భయానికి కావలసింది రెండోది. ఎందుకంటే రెండు చిటుకుల మధ్య వినేవాడు మూడోదాని కోసం ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపు వ్యవధిని మీరు టైమ్‌లైన్‌లో మీకు కావలసినంత సాగదీయవచ్చు. తలుపు కీలుకే పరిమితం కానక్కర్లేదు. పాత చెక్క కుర్చీ మీద కూర్చుని బరువును నెమ్మదిగా ఒకవైపు నుంచి మరోవైపుకు మార్చండి, మైకును అతుకు దగ్గర పెట్టండి. ఇంకా మంచి చిటుకులు వస్తాయి. ఎముకలు విరిగే చప్పుడుకు ఫోలీ కళాకారులు, అంటే బొమ్మను చూస్తూ స్టూడియోలో చప్పుళ్ళు పుట్టించేవాళ్ళు, సెలెరీ కాడలు విరవడం పాత పద్ధతే. దాన్ని తోలు మెలిపెట్టిన చప్పుడుతో కలిపితే మాంసం తోడైనట్టుంటుంది.

అరుపుల విషయంలో శాస్త్రం కొంత సాయపడుతుంది. మనిషి కేకలో శబ్దతీవ్రత సెకనుకు 30 నుంచి 150 సార్ల వేగంతో పైకీ కిందికీ కొట్టుకుంటుందని, ఆ గరుకుతనం ఎంత ఎక్కువైతే వినేవాళ్ళకు అంత భయంకరంగా అనిపిస్తుందని న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు. మామూలు మాటలో ఈ వేగాలు దాదాపుగా ఉండవు, ప్రమాద సూచికల అలారాల్లో ఉంటాయి. మీరు వాడుతున్న కేక శుభ్రంగా, పాటగాళ్ళ గొంతులా ఉంటే ఎంత పెంచినా లాభం లేదు. నటిని గొంతు పగిలేలా అరవమని రెండు మూడు టేకులు తీయండి; గొంతు పాడవుతుందని వాళ్ళు జంకితే బలవంతం చేయకుండా, శబ్దతీవ్రతను వేగంగా పెంచుతూ తగ్గించే ట్రెమొలోను 70 హెర్ట్జ్ ప్రాంతంలో వేసి ఆ గరుకుతనాన్ని కృత్రిమంగా తెచ్చుకోండి. ఇదే సూత్రం తీగవాద్యాలకూ వర్తిస్తుంది. ‘సైకో’ (1960) స్నానాల గది సన్నివేశంలో హిచ్‌కాక్ మొదట సంగీతమే వద్దన్నారు. బెర్నార్డ్ హెర్మన్ వినకుండా రాసి వినిపించాక మనసు మార్చుకున్నారు. ఆ చిత్రం మొత్తానికీ హెర్మన్ వాడినవి తీగవాద్యాలు మాత్రమే. ఆ వయొలిన్లు పాడవు, కీచుమంటాయి.

సంగీతాన్ని తీసేయమన్నానని అది వద్దనుకోకండి. సంగీతం ప్రేక్షకుడికి ఇచ్చే మాట లాంటిది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటేనే దానికి విలువ. ‘జాస్’ (1975)లో జాన్ విలియమ్స్ కట్టిన రెండు స్వరాల బాణీ వినబడిందంటే నీళ్ళలో షార్కు ఉన్నట్టే. ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన రెక్కతో జనాన్ని బెదరగొట్టే సన్నివేశంలో ఆ బాణీ ఉండదు. ఆ నియమం ప్రేక్షకుడికి ఒంటబట్టాక, పడవ వెనక నీళ్ళలోంచి షార్కు ఏ సంగీతమూ లేకుండా హఠాత్తుగా తల ఎత్తుతుంది. అంతవరకూ నిజాయితీగా నడిచిన బాణీ వల్లే ఆ ఒక్క మోసం అంత దెబ్బ కొట్టింది. మీ చిత్రంలో సంగీతం ఆమె నీళ్ళు తాగుతున్నా నడుస్తోంది, తలుపు మూసుకుంటున్నా నడుస్తోంది. అది ఏ విషయమూ చెప్పడం లేదు గనుక మూడో నిమిషానికల్లా ప్రేక్షకుడు దాన్ని వినడం మానేస్తాడు.

మీరు రెండో సగంలో సంగీతం పెట్టదలిస్తే, అది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియకూడదు. నేను తరచూ చేసేది ఇది. విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ ఉన్నచోట ఫ్రిజ్, ట్యూబ్‌లైటు చోక్ వంటివాటి గుయ్యిమనే చప్పుడులో (హమ్‌లో) 100 హెర్ట్జ్ స్పష్టంగా వినబడుతుంది. దానికి అతి దగ్గరగా ఉన్న స్వరం సుమారు 98 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. కింది తీగవాద్యంతో ఆ స్వరాన్ని చాలా మెత్తగా, హమ్ కిందే మొదలుపెడితే రెండూ కలిసి సెకనుకు రెండుసార్లు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి. వినేవాడికి సంగీతం మొదలైనట్టు ఉండదు, గది ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. ఇక అక్కడినుంచి హమ్‌ను తగ్గించి స్వరాన్ని పెంచుకుంటూ పోవచ్చు.

వినబడని శబ్దాల గురించి అడిగారు కదా. 20 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నవాటి మీద మోజు పెరగడానికి ముఖ్యకారణం 1998లో ఇంజనీరు విక్ టాండీ సహరచయితగా వెలువడిన వ్యాసం. తాను పనిచేసే ప్రయోగశాలలో కలిగిన వింత భయానికీ, కంటి కొసన కనిపించిన బూడిదరంగు ఆకారానికీ ఒక ఫ్యాను పుట్టించిన సుమారు 19 హెర్ట్జ్ కంపనమే కారణమని ఆయన అందులో వాదించారు. కథ ఆసక్తికరమే. కానీ అది ఒక గదిలో ఒక మనిషి అనుభవం. దాన్ని పట్టుకుని మిక్సింగ్ చేయలేం. పైగా సాధారణ థియేటర్ సబ్‌వూఫర్లు (కింది ఫ్రీక్వెన్సీల స్పీకర్లు) ఆ లోతుకు దాదాపుగా దిగవు, మీ చిత్రం చూడబోయే ఫోన్లు అందులో పదో వంతు లోతుకైనా పోవు. దానికన్నా 30 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఒక పొరను నిమిషంపాటు మెల్లగా పెంచి, ఉన్నట్టుండి తీసేయడం నమ్మదగిన పద్ధతి. వచ్చినప్పుడు గమనించనిది పోయినప్పుడు తెలుస్తుంది, ఒంట్లో ఏదో జారినట్టుంటుంది.

మిక్సింగ్ దగ్గర రెండు మూడు మాటలు. హెడ్‌ఫోన్లలో మాత్రమే విని తేల్చకండి. మీరు ఎంతో శ్రద్ధగా పెట్టిన మెత్తని ఊపిరి హెడ్‌ఫోన్లలో చెవిలో పడినట్టుంటుంది, పదిమంది కూర్చున్న గదిలో అది ఏసీ చప్పుడుకే మునిగిపోతుంది. సరౌండ్ స్పీకర్లు దొరికితే వెనకనుంచి చప్పుడు వేయాలన్న ఉత్సాహం వస్తుంది. చాలా పొదుపుగా వాడండి. వెనక స్పీకర్‌లోంచి స్పష్టమైన చప్పుడు వస్తే ప్రేక్షకుడు తల తిప్పి హాలు గోడను చూస్తాడు, అక్కడ ఉన్నది గోడేనని తెలిసిపోతుంది. వాన, గాలి వంటి వ్యాపించే చప్పుళ్ళు చుట్టూ ఉండనిచ్చి, భయపెట్టవలసినదాన్ని తెర అంచుల దగ్గరే ఉంచడం మేలని నా అభిప్రాయం. దీనితో విభేదించే మంచి సౌండ్ డిజైనర్లు కూడా ఉన్నారు.

మిక్స్ పూర్తయ్యాక కథ తెలియని ఒకరిని కూర్చోబెట్టి, బొమ్మ లేకుండా శబ్దం మాత్రమే వినిపించండి. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎటునుంచి ఏం వస్తోంది, ఏ క్షణంలో అసౌకర్యంగా అనిపించింది అని అడగండి. వాళ్ళు తడబడిన చోట మీ ట్రాక్‌లో చప్పుళ్ళు ఎక్కువై ఉంటాయి. చాలాసార్లు ఏదైనా జోడించే బదులు రెండు పొరలు తీసేస్తే సరిపోతుంది. ఆ తర్వాత ఫోన్ స్పీకర్‌లో వినండి. కింది పొరలు అక్కడ పూర్తిగా మాయమవుతాయి కాబట్టి, వాటికి ఒక కాపీ తీసి, కొంచెం డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలనే వికృతం చేసే ప్రభావం) వేసి, 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య పై స్వరాంశాలు పుట్టేలా చేసి, మెత్తగా కలపండి. ఆ పై అంశాలనుబట్టి చెవి అసలు స్వరాన్ని ఊహించుకుంటుంది. తలుపు దెబ్బను మాత్రం ఫోన్ కోసమని మళ్ళీ పెంచకండి. దాని ముందున్న ఆ ఒక్క సెకను అక్కడ కూడా ఖాళీగానే ఉందా లేదా చూసుకోండి.